ఆఖరి పంటు

తొమ్మిదిన్నరకి ఆఖరి పంటు.
నర్సాపురం రేవులో ఇంజను దగ్గుతోంది.
ఎనిమిది మోటారు సైకిళ్ళు, ఖాళీ చేపల గంపలు,
ఓడిపోయిన పదిహేను మందిమి.
ఆడినవాళ్ళు ఈపాటికి ఏసీ బస్సులో హోటలుకి చేరుంటారు.
ఓటమిని ఏరు దాటించాల్సింది మేమే.

ముప్పై ఎనిమిది, ఇరవై ఒకటి.
డెల్టా డేగలకి వరసగా ఇది తొమ్మిదో దెబ్బ.
సెల్‌ఫోన్ల కొట్టాయన ఇంకా రెండు నిమిషాల ఆట ఉండగానే
టీవీ కట్టేశాడు.
"కరెంటు బిల్లు నాదండీ, ఏడుపు మీది" అన్నాడు.

"ముందా కోచ్‌ని పీకెయ్యాలండి."
బుల్లబ్బాయి అన్నాడు, ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ వాడు.
"దిమ్మంతా కరిగిపోయాక
ఊక కప్పే రకం ఆడు."

"కోచ్ ఏం చేస్తాడ్రా?"
దానియేలు మాస్టారు. హైస్కూలు గ్రౌండులో
ఇరవయ్యారేళ్ళు ఈల ఊదిన మనిషి.
"ఎడమ మూల చూశావా? గండి పడ్డ కాలవ గట్టు.
వచ్చినవాడల్లా చెయ్యి తగిలించి పోతున్నాడు.
చీలమండ పట్టడం రానివాడికి
యాభై లక్షలా!"

యాభై లక్షలన్న మాట దగ్గర
పంటు మీద మాటలాగిపోయాయి.
ఎవరి లెక్క వాళ్ళది.
ఎన్నెకరాల రొయ్య, ఎన్ని వలలు, ఎన్ని కార్తెలు.
చాన్‌బాషా పంచర్లలో లెక్క మొదలెట్టి
మధ్యలో వదిలేసి బీడీ ముట్టించాడు.

"ఓనరుకి ఆట దేనికండీ, చొక్కాలమ్ముకోడానికి గానీ."
అందరూ నా వంక చూశారు.
నా ఒంటిమీదున్నది ఆ చొక్కాయే. తొమ్మిదో నంబరు.
అంతర్వేదిపాలెం ఇసకలో కూత నేర్చిన కుర్రాడిది.
మొన్న వేలంలో వాణ్ణి వదిలేసుకున్నారు.
ఇవాళ మా మీద పదమూడు పాయింట్లు తీసింది వాడే.
అందుకే చొక్కా తిరగేసి తొడుక్కున్నాను.
కుట్లు బయటికి, నంబరు లోపలికి,
వెన్నుకి గరగరా రాసుకుంటూ.

ఏటి మధ్యకొచ్చాం. పాటు మీదుంది నీరు,
పంటుని సముద్రం వైపు లాగుతోంది.
సరంగు ఎదురు పోకుండా ఏటవాలుగా తిప్పాడు.
"చూశారా, ఓర్పంటే అదీ, మన టీముకి కావలసింది" అని ఎవరో అనబోతే
"సూక్తులొద్దండీ బాబూ, డిఫెన్సు కావాలి" అన్నారు మిగతావాళ్ళు.

గంప మీద కూర్చున్న సువార్తమ్మ
ఎండుచేపల వాసనతో సహా నా పక్కకి జరిగింది.
"ఆడు ముగ్గుర్ని ఈడ్చుకుని గీత దాటినప్పుడు
చప్పట్లు కొట్టావు. నే చూశాను."
మనూరోడే కదా అన్నాను.
"మనూరోడే. మన టీము కాదు."
కాసేపాగి, ఇంకా నెమ్మదిగా,
"నేనూ కొడదామనుకున్నాను.
చేతులకి ఉప్పుంది."

అవతల మాస్టారికి ఉక్రోషం ఆగలేదు.
"ఇలా పట్టాల్రా" అంటూ
మోకాలి నొప్పినీ డెబ్భై ఏళ్ళనీ పక్కన పెట్టి
బుల్లబ్బాయి చీలమండ రెండు చేతులా దొరకబుచ్చుకున్నాడు.
బుల్లబ్బాయి నోట్లోంచి, వాడికి తెలియకుండానే,
కబడ్డీ కబడ్డీ కబడ్డీ
ఒంటికాలి మీద గెంతుతూ, మాస్టారిని ఈడ్చుకుంటూ
బండి మడ్‌గార్డే గీత అనుకుని చెయ్యి చాపాడు.
జనమంతా ఒక పక్కకి ఒరిగారు.
"ఒరేయ్, పంటు! పంటు!" అని సరంగు కేకలు.

చెయ్యి తగిలింది.
తగల్లేదు.
తగిలిందండీ, నా బండే కదా, నాకు తెలీదా!
తగిలినా అప్పటికే కూత తెగిపోయింది.

సఖినేటిపల్లి రేవొచ్చింది. తాడు విసిరారు.
సరంగు ఇంజను ఆపేశాడు, లైటూ ఆపేశాడు.
బళ్ళు స్టార్టు చేసినవాడు లేడు.
"అవుట్" అంది సువార్తమ్మ, గంప నెత్తికెత్తుకుంటూ.
చీకట్లో పద్నాలుగు గొంతులు ఒక్కసారి లేచాయి.